మసి దీపం ఆరేదాకా

ముందు ఒక మాట తేల్చేయాలి. కర్టెన్లక్క తన బావగారిని పెద్ద రోడ్డు మీద దింపేసి వచ్చిందని వీధంతా చెప్పుకుంటున్నారు. అది పచ్చి అబద్ధం. ఆయనే దిగాడు. తలుపు ఆయనే తీసుకున్నాడు, కాలు ఆయనే బయట పెట్టాడు, ఈ బండి ఇంక జన్మలో ఎక్కనని కూడా ఆయనే అన్నాడు. అదే బండిలో వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని నేను కళ్ళారా చూశాను. పాల డిపో దగ్గర ఒకావిడ చెబుతున్నట్టు మెడ పట్టి గెంటడాలు లేవు. క్షవరం షాపులో చెప్పుకుంటున్నట్టు ఫోను లాక్కోవడాలు అసలే లేవు. మొగుణ్ణి కూడా దింపేసిందంటున్నారు. ఆ సంగతి చివర్లో చెబుతాను. ఇప్పుడే చెబితే మీకు ఆమె మీద కోపం వస్తుంది. కోపం రావాల్సింది ఆమె మీద కాదు.

నాది వీధి మొదట్లో ఇస్త్రీ కొట్టు. కర్టెన్లక్క కుట్టిన ప్రతి కర్టెనూ కిటికీకి ఎక్కే ముందు నా పెట్టె కిందికి రావాల్సిందే. కాబట్టి ఆమె సంగతి నాకు మడత మడతకీ తెలుసు. ఎవరికైనా అనుమానం ఉంటే కొట్టుకి రండి, పెట్టె వేడెక్కేలోగా మిగతాది కూడా చెబుతాను.

ఆమె పని ఇది. ఎవరైనా ఫోను చేస్తే కొలత టేపు మెడలో వేసుకుని వెళ్తుంది. కిటికీలు కొలుస్తుంది, గుడ్డ ముక్కలు చూపిస్తుంది. ఇంటికొచ్చి ముందు గదిలో మిషను మీద కుడుతుంది. మళ్ళీ వెళ్ళి, స్టూలెక్కి, గోడకి కన్నాలు కొట్టి, కడ్డీలు బిగించి, కర్టెన్లు వేలాడదీసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి కళ్ళు చికిలించి చూస్తుంది. అంచు దారపు పోగంత వంకరగా ఉన్నా మళ్ళీ దించి సరిచేస్తుంది. వంకర అంచు చూస్తే ఎవరో తనని వెక్కిరిస్తున్నట్టు ఉంటుందట.

మొదట్లో ఆ కడ్డీలన్నీ బస్సులో మోసేది. ఒకరోజు కడ్డీ కొస తగిలి ఒక పెద్దమనిషి కళ్ళజోడు ఎగిరి కిటికీలోంచి రోడ్డు మీద పడింది. ఆయన చూపు లేకుండా అరుస్తుంటే కండక్టరు ఈమెని సగం దారిలో దింపేశాడు. చేతిలో కడ్డీలు, చంకలో గుడ్డల మూట, నెత్తి మీద ఎండ. నడుచుకుంటూ వెళ్ళి, ఆ ఇంట్లో పని పూర్తి చేసి, తిరిగి నడుచుకుంటూ వచ్చి, ఇంక బస్సెక్కనని నా కొట్టు ముందే ఒట్టేసుకుంది. ఆ తర్వాత కొన్నేళ్ళు మిషను తొక్కీ తొక్కీ ఆ బండి కొంది.

చిన్న డీజిల్ బండి. కాస్త ఎత్తుగా, చూపుకి జీపులాగా ఉంటుంది గానీ లోపల మామూలు కారంతే. కొన్న కొత్తలో ఇటుక రంగులో నిగనిగలాడేది. షోరూముకి వెళ్ళేటప్పుడు ఇంట్లో అన్నిటికన్నా పొడుగు కడ్డీ వెంట తీసుకెళ్ళింది. ఒక్కో బండి వెనక తలుపు తీయించి, కడ్డీ లోపలికి పెట్టి చూసింది. అక్కడ పనిచేసే కుర్రాళ్ళు నవ్వుకున్నారట, అందరూ మైలేజీ అడుగుతారు, ఈవిడ కడ్డీ పడుతుందా అంటోందని. ఈ బండిలో మాత్రం ఎడమ పక్క ముందు సీటు వాలిస్తే కడ్డీ వెనక తలుపు నుంచి ముందు అద్దం దాకా కొలిచి చేసినట్టు పట్టింది. డీజిల్‌దే కొనమని చెప్పింది బావగారు. ఎక్కువ తిరుగుతారు కదా, కలిసొస్తుందన్నాడు. కాగితాలు తన తమ్ముడి పేరున, అంటే ఈమె మొగుడి పేరున, రాయించిందీ ఆయనే. ఇంటి మగవాడి పేరున ఉంటే తర్వాత తిరగడాలు ఉండవన్నాడు. ఆ రోజు ఆమె ఎక్కడో కిటికీలు కొలుస్తోంది. వచ్చేసరికి సంతకాలైపోయాయి.

పదేళ్ళు దాటింది కొని. ఆ బండిని ఆమె చూసుకున్నట్టు నేను నా పెట్టెని కూడా చూసుకోలేదు. తాళం తిప్పగానే స్ప్రింగు చుట్టలాంటి పసుపు గుర్తు ఒకటి వెలుగుతుంది. అది ఆరేదాకా ఆగి, అప్పుడే స్టార్ట్ చేస్తుంది. ‘నిద్ర లేవగానే పరిగెత్తమంటే నువ్వు పరిగెత్తుతావా’ అని నన్నడుగుతుంది. డీజిల్ కొట్టించేటప్పుడు కుడి చేతికి తొడుక్కోవడానికి తలుపు అరలో ఒక పాత గ్లౌజు ఉంటుంది. చేతికి డీజిల్ వాసన అంటితే అది తెల్ల గుడ్డకి అంటుతుందని ఆమె భయం. ఎండలకి లోపలి పైకప్పు గుడ్డ ఊడి తల మీదికి వేలాడితే, వెలుతురు ఆపే మందపాటి కర్టెన్ గుడ్డ కత్తిరించి తనే అంటించి కుట్టేసింది. అలాంటి పైకప్పు ఉన్న బండి ఇంకోటి ఎక్కడా ఉండదు. పడుకుని చూస్తే మంచి హోటలు గదిలో ఉన్నట్టుంటుంది.

ఇంత చూసుకున్నా ఆ బండికి ఒక పీడ మాత్రం తప్పలేదు. తాళం. అది వీధి తలుపు పక్కన మేకుకి వేలాడేది. కింద వాటా వీళ్ళది, పై వాటా బావగారిది. మెట్లు దిగేవాళ్ళు దిగుతూ తీసుకునేవాళ్ళు, మెట్లు ఎక్కేవాళ్ళు ఎక్కుతూ తగిలించేవాళ్ళు. బావగారికి రెండు సందుల అవతల చెప్పుల షాపు ఉంది. గోడౌను నుంచి షాపుకి చెప్పుల పెట్టెలు ఈ బండిలోనే వెళ్ళాలి. నడిచి వెళ్తే టీ చల్లారేలోపు రావచ్చు, అంత దూరం. వాళ్ళావిడ, అంటే ఈమెకి తోటికోడలు, పార్కులో నడకకి వెళ్ళేది. పార్కు దాకా కారులో వెళ్ళేది. నడవడానికి కారులో వెళ్ళే మనిషిని నేను అక్కడే చూశాను. వాళ్ళబ్బాయి డ్రైవింగ్ నేర్చుకున్నదీ దీని మీదే, గేటుకి గుద్దిందీ దీన్నే. ఒక్కరూ పసుపు గుర్తు ఆరేదాకా ఆగేవాళ్ళు కాదు. ఎక్కడం, తిప్పడం, ఉరకడం. కర్టెన్లక్క ఏమైనా అంటే బావగారు నిమ్మకు నీరెత్తినట్టు నవ్వి, ‘ఇంట్లో బండి ఇంటిల్లిపాదిదీ కదమ్మా’ అనేవాడు.

ఆమె మొగుడి సంగతి కూడా చెప్పాలి. మందుల షాపులో కౌంటర్లో ఉంటాడు. చీమకి కూడా హాని చేయడు. ఎవరేం చెప్పినా ‘అలాగే’ అంటాడు. అన్నయ్య అడిగితే అలాగే, పెళ్ళాం అడిగితే అలాగే, చిల్లర తక్కువిచ్చిన వాడికీ అలాగే. వీధిలో అందరూ ఆయన్ని అలాగేగారు అంటారు. ఆయన్ని ఆ పేరుతో పిలిచినా అలాగే అంటాడు. ఇలాంటి మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో తెలియక ఆమె ఇన్నేళ్ళూ కోపమంతా మిషను పెడలు మీద చూపించింది.

కొన్నేళ్ళ కిందట స్టీరింగు వెనక దీపాల అద్దంలో ఒక కొత్త దీపం వెలిగింది. మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే అతను తిట్టాడు. అతను అందర్నీ తిడతాడు, అది వేరే సంగతి. డీజిల్ కాలితే మసి వస్తుందట. ఆ మసి గాలిలో కలవకుండా పొగగొట్టంలో జల్లెడలాంటిది ఒకటి పట్టి ఉంచుతుందట. అది నిండుతుంటే బండి తనంతట తనే ఆ మసిని లోపల కాల్చేసుకుంటుంది. కానీ దానికి పొగగొట్టం బాగా వేడెక్కాలి. వేడెక్కాలంటే ముప్పావుగంట పాటు ఎక్కడా ఆగకుండా ఒకే వేగంతో పరిగెత్తాలి. సందుల్లో అయిదు నిమిషాలు తిప్పి ఆపేస్తే మసి పేరుకోవడమే గానీ కాలడం ఉండదు. కాలుతుండగా మధ్యలో ఆపితే ఆ పూట శ్రమంతా వృథా. ‘చెప్పుల పెట్టెలు మోయడానికి ఎద్దుని కొనుక్కోవాల్సింది, దీన్నెందుకు కొన్నారు’ అని మెకానిక్కు ఈమెని కడిగేశాడు. మోసింది బావగారు, మాట పడింది ఈమె.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే ఒక్కతే బండి తీసుకుని పెద్ద రోడ్డెక్కేది. వెళ్ళేది, వచ్చేది. అంతే. ఎక్కడా ఆగదు, ఏమీ కొనదు, ఫోనెత్తదు. మీరే చెప్పండి, ఒక ఆడమనిషి వారం వారం ఒక్కతే కారులో వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొస్తే వీధి ఊరుకుంటుందా. చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఆ రోడ్డు పక్కన ఎవడో ఉన్నాడన్నారు. లారీ ఆఫీసు వాడన్నారు, కాదు కర్టెన్ గుడ్డల హోల్‌సేల్ వాడన్నారు. నా కొట్టు దగ్గర అన్నవాళ్ళని నేను తిట్టి పంపాను. మసి కాల్చడానికి వెళ్తుందంటే నన్నే చూసి నవ్వారు. ‘మసి పూసి మారేడుకాయ చెయ్యకు’ అన్నారు.

ఇదంతా ముదిరింది ఒక ఆదివారం. బావగారి మోటారు సైకిలు పెద్ద రోడ్డు మీద పంక్చరైంది. ఎండలో నిలబడి ఉండగా దూరం నుంచి ఇటుక రంగు బండి కనిపించింది. ఆయన రెండు చేతులూ ఊపాడు. ఆమె చూసింది. కానీ అప్పుడు మసి కాలుతోంది. ఆమెకి అది వాసనని బట్టి, ఇంజను మోతని బట్టి తెలిసిపోతుంది. వేగం తగ్గించకుండా ఆయన పక్క నుంచే వెళ్ళిపోయింది. కాలడం పూర్తయ్యాక వెనక్కి తిరిగి ఆయన కోసం వచ్చింది కూడా. అప్పటికి ఆయన ఎవరి ట్రాలీనో ఎక్కి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి నడి వాకిట్లో నిలబడి, ‘మనిషికన్నా మసి ఎక్కువైపోయింది ఈ ఇంట్లో’ అని వీధి చివరి దాకా వినిపించేలా అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చింది. వారం పాటు అదే మాట. తిరిగి వచ్చానని ఆమె కూడా ఆ వాకిట్లోనే చెప్పింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ నచ్చలేదు, కాబట్టి ఎవరూ చెప్పుకోలేదు.

ఆ తర్వాత వరసగా కొన్ని ఆదివారాలు బండి ఆమె చేతికి దొరకలేదు. ఎవరో చుట్టాలొచ్చారని, షాపులో సరుకు మారుస్తున్నామని, ఏదో ఒకటి. పోనీలే, దీపం వెలగలేదు కదా అని ఆమె సర్దుకుంది.

ఒక శుక్రవారం ఇద్దరం కర్టెన్లు తగిలించడానికి బయల్దేరాం. పల్చటి తెల్ల గుడ్డ, నలగకుండా నా ఒళ్ళో పరుచుకుని కూర్చున్నాను. ఫ్లైఓవరు ఎక్కుతుంటే బండి గుంజడం మానేసింది. వెనక లారీలు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. ఎలాగో ఎక్కించి అవతల పక్కన ఆపింది. దీపాలన్నీ ఒకసారి చూసింది. ఏదీ వెలగడం లేదు. చేతి రుమాలుతో ఆ దీపాల అద్దం తుడుస్తుంటే వేలిగోరుకి ఏదో తగిలింది. గీకింది. గోరంత నల్ల టేపు ముక్క ఊడి వచ్చింది. దాని కింద మసి దీపం, ఎప్పటి నుంచి వెలుగుతోందో, పసుపుగా వెలుగుతోంది.

నేను ఆ ముక్క చేతిలోకి తీసుకుని చూశాను. కర్టెన్ అంచులు మడిచి, కుట్టే ముందు కదలకుండా అంటించే జిగురు టేపు అది. రోజూ నా పెట్టె కింద నలిగే టేపు నాకు తెలియకుండా ఉంటుందా. ఆమె కుట్టు డబ్బాలోంచి తీసిందే.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకపోతేనే నాకు భయం. ‘నా టేపే తీసుకుని నా కళ్ళకే అంటించారు చూశావా’ అంది, అంతే. ఆ టేపు ముక్కని స్టీరింగు మధ్యలో అంటించి, మెల్లగా నడుపుకుంటూ మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళింది.

అతను వైరు తగిలించి చూసి, జల్లెడ గొంతు దాకా నిండిందన్నాడు. రెండు దారులు చెప్పాడు. ఒకటి, పెద్ద రోడ్డు మీద చివరిసారిగా ఆగకుండా పరిగెత్తించి చూడాలి. దీపం ఆరితే బతికినట్టు. ఆరకుండా మినుకు మినుకుమంటే కొత్త జల్లెడ వేయాలి, దాని ఖరీదు ఈ పాత బండిని మించిపోతుంది, ఇంక తుక్కుకే. రెండోది సులువన్నాడు. జల్లెడ లోపలిదంతా పగలగొట్టి తీసేసి, ఖాళీ డబ్బా బిగించేస్తాడట. ఇంక దీపమూ ఉండదు, ఆదివారాలూ ఉండవు. అందరూ అదే చేయించుకుంటున్నారన్నాడు.

అక్కడ ఆమె అన్న మాట నాకు అలాగే గుర్తుంది. ‘రోడ్డు పక్క ఇళ్ళలో కర్టెన్లు దించి ఉతికేదాన్ని నేను. తెల్లగా వేసిన గుడ్డ ఆర్నెల్లకి ఎలా ఉంటుందో నీకు తెలియదు. తొట్టిలో నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా నల్లగానే వస్తాయి. ఆ కిటికీ వెనక పసిపిల్లలు పడుకుంటారు. ఆ నలుపంతా ఇక్కడ పట్టి ఉంచుతున్న వస్తువుని పగలగొట్టి, మళ్ళీ వాళ్ళ కిటికీల్లోకే ఊదమంటావా?’

మెకానిక్కు మళ్ళీ తిట్టబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. ఆదివారం దాకా సందుల్లో తిప్పొద్దని మాత్రం చెప్పాడు.

ఇంటికి వెళ్ళి టేపు సంగతి తేల్చాలనుకుంది. ఆమె నోరు తెరిచేలోపే ఆమె మొగుడు చెప్పాడు. అన్నయ్య ఒక షోరూములో మాట్లాడాడట. ఈ పాత బండి ఇచ్చేస్తే కొత్త పెట్రోలు బండికి బాగా తగ్గిస్తారట. కొత్తది అన్నయ్య పేరున ఉంటుంది, ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. ఆదివారం వెళ్ళి ఇచ్చేయాలి, పాత కాగితాలు తన పేరునే ఉన్నాయి కాబట్టి తన సంతకం చాలు. ‘మరి మీరేమన్నారు’ అని ఆమె అడిగింది. ‘అలాగే అన్నాను’ అన్నాడు.

టేపు సంగతి ఆ రాత్రి ఆమె ఎత్తనే లేదట. పొద్దున కొట్టుకి వచ్చి, ఆదివారం తనతో రమ్మంది. ఎందుకన్నాను. ‘బండి నేనే నడుపుతాను. సాక్షి కావాలి నాకు’ అంది.

ఆదివారం అందరం ఎక్కాం. ముందు సీట్లో పెద్దరికంగా బావగారు. వెనక ఒక కిటికీ దగ్గర తోటికోడలు, ఇంకో కిటికీ దగ్గర నేను, మధ్యలో అలాగేగారు, ఆయన ఒళ్ళో బండి కాగితాల ఫైలు. నేనెందుకు వస్తున్నానని బావగారు అడిగితే, తిరుగు దారిలో కర్టెన్లు ఇవ్వాలని ఆమె చెప్పింది. అది అబద్ధం కాదు, శుక్రవారం తగిలించకుండా మిగిలిపోయిన తెల్ల కర్టెన్లు నా ఒళ్ళోనే ఉన్నాయి. పసుపు గుర్తు ఆరేదాకా ఆమె ఆగింది. బావగారు చేతి గడియారం చూసుకున్నాడు.

పెద్ద రోడ్డెక్కాక వేగం పెంచింది. బండి మొదట మూలిగింది, తర్వాత దారికొచ్చింది. కాసేపటికి ఇంజను మోత మారింది, కాలిన వాసన సన్నగా తగిలింది. మసి కాలడం మొదలైందని నాకు కూడా అర్థమైంది. అంతలో షోరూము బోర్డు కనిపించింది. వచ్చింది. వెనక్కి వెళ్ళిపోయింది.

‘అమ్మా, మలుపు దాటిపోయింది’ అన్నాడు బావగారు.

‘చూశాను బావగారూ.’

‘మరి ఆపి వెనక్కి తిప్పు.’

‘ఇప్పుడు ఆపకూడదు. ఆపితే ఈ బండి ఇంక తుక్కే. అటు చూడండి, దీపం.’ స్టీరింగు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో ఆ టేపు ముక్క తీసి చూపించింది. ‘దీని మీద ఇది అంటించి ఉంది. ఎవరంటించారో చెప్పండి. చెప్పినా చెప్పకపోయినా ఆపను గానీ, తెలుసుకుందామని.’

బావగారు తనకేం తెలియదన్నాడు. తోటికోడలు తనకి ఆ దీపాలేమిటో కూడా తెలియదంది. నిజమే, వాళ్ళ మొహాలు చూస్తే తెలిసిపోతోంది. నా పక్కన ఫైలు కదిలింది. ‘నేనే’ అన్నాడు అలాగేగారు.

ఆమె అద్దంలోంచి ఆయన్ని చూసింది. వేగం ముల్లు మాత్రం కదలలేదు.

‘ఎందుకు?’

 దీపం చూసి ఆమె ఊరికే కంగారుపడుతోందని అన్నాడు. ప్రతి ఆదివారం ఒక్కతే వెళ్తోందని, జనం రకరకాలుగా అంటున్నారని, దీపం కనపడకపోతే వెళ్ళడం మానేస్తుంది కదా అని.

‘జనం అంటున్నారు సరే. మీరేమనుకున్నారు?’

ఆయన ఒళ్ళో ఫైలు తిరగేసి పెట్టుకున్నాడు.   నా ఒళ్ళో కర్టెన్ అంచు నేను నలిపేస్తున్నానని అప్పుడు చూసుకున్నాను.

ఆ తర్వాత ఆమె మాట్లాడింది. అరవలేదు, ఏడవలేదు, రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. ఇన్నేళ్ళదీ అంతా వచ్చింది. చెప్పుల పెట్టెలు వచ్చాయి. గేటుకి గుద్దిన రోజు ఎవరూ ఒప్పుకోకపోతే తనే సొట్ట తీయించుకున్న సంగతి వచ్చింది. కొన్న రోజున తను లేకుండా అయిపోయిన సంతకాలు వచ్చాయి. ఎండలో రోడ్డు మీద ఆగనందుకు వీధంతా వినేలా తిట్టిన మనిషి, ఆ తర్వాత తను వెనక్కి తిరిగి వచ్చిందని తెలిసి కూడా ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగింది. ‘ఈ బండి మీకు ఒక సందు నుంచి ఇంకో సందుకి చాలు బావగారూ. అది నాకు కూడా చాలని మీరే అనేసుకున్నారు. దీనికి వారానికోసారి ఊపిరి తిరగాలని చెబితే నాకు ఎవడో ఉన్నాడన్నారు. ఇంట్లో వాళ్ళే నమ్మారు.’

బావగారికి కోపం నషాళానికి అంటింది. ఆపుతావా లేదా అన్నాడు. తాళం తీసేస్తానని చెయ్యి చాపాడు. ఆ చేతిని వెనక నుంచి పట్టుకున్నది ఎవరనుకున్నారు. ఆయన పెళ్ళామే.

‘చాల్లెండి, కూర్చోండి. తాళం తీస్తే అందరం పోతాం.’ తర్వాత కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది, ‘నేను పార్కుకి రోజూ నడకకే వెళ్తున్నానని మీరు అనుకుంటున్నారు. మీ మాట వినపడని చోటు అదొక్కటే.’

అంతటి కోపంలోనూ నాకు నవ్వొచ్చింది. దగ్గినట్టు నటించాను.

కాసేపటికి తోటికోడలికి దాహమేసింది. బావగారికి ఇంకో అవసరం వచ్చింది, మొహమాటపడి చెప్పలేక అటూ ఇటూ కదిలాడు. అలాగేగారు, ‘ఒక్క నిమిషం ఆపొచ్చు కదా’ అన్నాడు. ఆమె ఆయన మాటకి కూడా ఆపలేదు. ఆయన మాటకి ఆమె అలాగే అనకపోవడం అదే మొదటిసారి అనుకుంటాను. నేను మాత్రం ఆ దీపాన్నే చూస్తున్నాను. అది మినుకుమంటే అంతా అయిపోయినట్టే. ఒకసారి గతుకుల్లో అద్దం అదిరి మినుకుమన్నట్టే కనిపించింది. రోడ్డు మళ్ళీ సాపుగా వచ్చింది. ఇంకో మైలురాయి, ఇంకోటి. వాసన తగ్గింది. ఇంజను మోత మెత్తబడింది. చూస్తుండగానే దీపం ఆరిపోయింది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. ఆమె నవ్వలేదు. ‘చూశాను’ అంది.

అప్పుడు ఒక పెట్రోలు బంకులోకి తిప్పి, ఇంజను కాసేపు అలాగే నడవనిచ్చి, తర్వాత ఆపింది. బావగారు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి ఆయనకి ధైర్యం కూడా తిరిగొచ్చింది. సీట్లో కూర్చుని, వెనక్కి వెళ్ళేటప్పుడు షోరూము దగ్గర ఆపాలన్నాడు. ఆమె ఆపనంది. తను మాటిచ్చానన్నాడు. మాటిచ్చిన వాళ్ళు తమ వస్తువు ఇచ్చుకోవాలంది. ఆయన తలుపు తీసింది అప్పుడే. కాలు బయట పెట్టిందీ అప్పుడే. జన్మలో ఎక్కనన్నదీ అప్పుడే.

దిగి, వెనక తలుపు వైపు వచ్చి తమ్ముణ్ణి పిలిచాడు. ‘దిగరా. బస్సులో షోరూముకి వెళ్దాం. సంతకం నీది, కాగితాలు నీవి, బండి వాళ్ళే వచ్చి పట్టుకెళ్తారు.’

ఆయన తన పెళ్ళాన్ని మాత్రం పిలవలేదు. పిలిచినా ఆవిడ దిగేలా లేదు, చెప్పులు విప్పి కాళ్ళు సీటు మీద పెట్టుకుని పైకప్పు గుడ్డ చూస్తోంది.

అలాగేగారు అన్నయ్యని చూశాడు. అద్దంలో పెళ్ళాన్ని చూశాడు. ఆమె వెనక్కి తిరగలేదు. ఆ మనిషి ఒక్క మాట, ‘నేను నీతోనే వస్తాను’ అనే ఒక్క మాట అంటాడని నేను కూడా ఎదురుచూశాను. అనలేదు. మా మధ్య నుంచి సర్దుకుని కదిలాడు. నేను దిగి దారిచ్చాను.

అప్పుడు ఆమె అంది. ‘దిగండి. ఫైలు సీటు మీద పెట్టి దిగండి.’

ఆయన ఫైలు చూశాడు. అన్నయ్య బయట నుంచి ఏదో అంటున్నాడు. ఆయన ఇద్దరి వైపూ చూసి, ఫైలు సీటు మీద పెట్టి, ‘అలాగే’ అన్నాడు. దిగాడు.

అదండీ జరిగింది. ఎవరూ ఎవర్నీ తోయలేదు. మేం ముగ్గురం ఆడవాళ్ళం, ఒక ఫైలు, నాలుగు తెల్ల కర్టెన్లు వెనక్కి వచ్చాం. దారిలో ఆ ఇంట్లో ఆగి కర్టెన్లు తగిలించాం కూడా. స్టూలు పట్టుకున్నది తోటికోడలు. అన్నదమ్ములిద్దరూ సాయంత్రానికి బస్సులో దిగారు, మొహాలు మాడ్చుకుని.

మర్నాడు పేరు మార్చే కాగితాలు ఆమె తెచ్చి ముందు పెట్టింది. ఆయన సంతకం చేశాడు. ఏమన్నాడో మీకు చెప్పక్కర్లేదు. తలుపు పక్కన మేకు పటకారుతో పీకేసి, ఆ కన్నం పూడ్చి రంగేసింది. తాళం ఇప్పుడు ఆమె మెడలో కొలత టేపుతో పాటు ఉంటుంది. చెప్పుల పెట్టెలు తోపుడు బండి మీద వెళ్తున్నాయి. తోటికోడలు పార్కుకి నడిచే వెళ్తోంది, నా కొట్టు దగ్గర ఆగి కబుర్లు కూడా చెబుతోంది. మొగుడూ పెళ్ళాలు ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే భోజనాల బల్ల దగ్గర తింటున్నారు. ఆయన ఆదివారం పొద్దున్నే స్నానం చేసి బండి పక్కన నిలబడతాడు. ఎక్కమని ఆమె ఇంతవరకూ అనలేదు. ఎక్కనా అని ఆయన కూడా అడగలేదు. ఆమెకి కోపం పోలేదు. పోవాలని నేను కూడా చెప్పను. బావగారు ఆ మధ్య నాకు చొక్కాలు ఇవ్వడం మానేశాడు. మంచిదే, ఆయన కాలర్లు ఎంత రుద్దినా లొంగవు.

మీతో ఒక పని ఉంది. ఆదివారం పొద్దున పెద్ద రోడ్డు మీద రంగు వెలిసిన ఇటుక రంగు చిన్న బండి కనిపిస్తే చేతులు ఊపకండి. ఆమె ఆగదు, మీరు నొచ్చుకుంటారు. ఊరికే చూడండి, సాఫీగా వెళ్తోందా లేదా అని. సాయంత్రం వీలుంటే ఇంటికి వెళ్ళండి. కిటికీలు కొలిపించుకునే వంక పెట్టుకున్నా ఫరవాలేదు. ముందు గదిలో మిషను చప్పుడు మామూలుగా ఉంటే కంగారు లేదు. పెడలు దడదడలాడుతుంటే మాత్రం లోపలికి వెళ్ళి కూర్చోండి. ఎవరితో వెళ్ళావని అడగకండి, అది అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ‘దీపం ఆరిందా అక్కా’ అని అడగండి. ఆమెని ఆ మాట అడిగేది ఇప్పటికి నేనొక్కదాన్నే. నాకేమో ఆదివారాలు బట్టల మూటలు ఎక్కువ.